బస్సు పైన మేనల్లుడు

ఇంగ్లీషు నామవాచకాలతో మన తిరుపతికి ఏనాడూ పేచీ లేదు. బస్, రోడ్, టికెట్ అనేవి వచ్చీరాగానే చివర ఒక ఉకారం తగిలించుకొని బస్సు, రోడ్డు, టికెట్టు అయిపోయి, వెనక లో, కి, తో, మీద వంటి మన ప్రత్యయాలను తోకలుగా పెట్టుకొని, పుట్టు తెలుగువాళ్ళలాగా బజారులో తిరుగుతున్నాయి. లొంగనివల్లా ఇన్, ఆన్, ఎట్, అండర్ అనే చిల్లర మాటలు. ఇవి ఆకారంలో ఆవగింజలు, పెత్తనంలో మాత్రం ధర్మకర్తలు. ఏ మాటకు ముందు ఎవరు నిలబడాలో అవే నిర్ణయిస్తాయి; కారణం అడిగితే వాడుక అంటాయి.

మన వ్యాకరణంలో ఈ దాష్టీకం లేదు. డుమువులు ప్రథమా విభక్తి అని అరుగు మీద ఊగుతూ వల్లించిన పిల్లవాడికి ఏడు విభక్తులూ, వాటి వెంట సంబోధనా జన్మంతా తోడుంటాయి. 1820లో మన పొరుగున కడపకు కొలువుకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఈ విభక్తులన్నీ నేర్చుకొని, 1840లో మన వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చు వేయించి తనవాళ్ళ చేతిలో పెట్టినాడు. బదులుగా ఇన్ ఎక్కడ, ఆన్ ఎక్కడ అని మనకు ఒక్క కాగితం ముక్క రాసి ఇచ్చి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

అవసరం మొన్న మా ఇంట్లోనే పడింది. బెంగళూరు నుంచి వస్తున్న మా మేనల్లుడు తన పై అధికారితో మాట్లాడుతూ, పొరపాటున మా ఫోన్‌ను కూడా అదే సంభాషణలో కలిపినాడు. స్పీకరులో “ఐ యామ్ ఆన్ ద బస్” అని వినబడింది. పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మ చేయి ఆగింది.

“ఆన్ అంటే పైన కదప్పా?”

“అవునమ్మా.”

“బస్సు పైన కూసోనుండాడా? లోపల సీటు దొరకలేదంటనా?”

లోపలే ఉన్నాడని, ఇంగ్లీషువాళ్ళు లోపల కూర్చున్నవాణ్ణి కూడా పైన ఉన్నాడనే అంటారని నేను వివరించినాను. లేచి నిలబడి నడవడానికి చోటున్న బస్సు, రైలు, ఓడ, విమానం వంటివాటికి ఆన్ అనీ, నడుము వంచి దూరవలసిన కారుకు ఇన్ అనీ వారి సంప్రదాయం. అమ్మ అంతా విని, “మరి షేరాటోకి?” అంది. ఇది చిన్న ప్రశ్న కాదు. డ్రైవరుకు కుడిపక్కన ఒక తొడ సీటు మీద, మరొక తొడ గాలిలో పెట్టుకొని రేణిగుంట దాకా ప్రయాణించే మనిషి ఇన్ అవుతాడా, ఆన్ అవుతాడా? అతని పరిస్థితిని ఊహించి ఇంగ్లీషులో ఏ పదమూ పుట్టలేదని నా దృఢమైన అభిప్రాయం.

పైన, కింద అనే మాటల విషయంలో తిరుపతివాళ్ళకు పాఠం చెప్పే అర్హత ఎవరికీ లేదని కూడా ఇక్కడే మనవి చేస్తున్నాను. వేరే ఊళ్ళో “ఆయన పైకి పోయినాడు” అంటే ఇంటిముందు షామియానా వేస్తారు. ఇక్కడ అదే మాటకు “లడ్డూలు తెమ్మని చెప్పకపోయినావా” అని నిష్ఠూరమాడతారు. పైన అంటే తిరుమల, కింద అంటే తిరుపతి. రెండు మాటలతో మా భూగోళం పూర్తి.

కాలం సంగతి మరీ అన్యాయం. గడియారానికి ఎట్, రోజుకు ఆన్, నెలకూ సంవత్సరానికీ ఇన్ అని పిల్లలచేత కంఠస్థం చేయించి ఊపిరి తీసుకొనేలోగా, పొద్దున ఇన్ అయినప్పుడు రాత్రి ఎట్ ఎందుకయిందని వాళ్ళు అడుగుతారు. పోనీ పొద్దునైనా స్థిరంగా ఉంటుందా అంటే, దానికి ముందు ఆదివారం అన్న మాట చేరగానే ఇన్ దిగిపోయి ఆన్ ఎక్కుతుంది. అయితే నిష్పక్షపాతంగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మూడు గంటల చీకటిని కూడా ఇంగ్లీషువాళ్ళు ‘ఇన్ ద మార్నింగ్’ అనే అంటారు. సుప్రభాతం విని లేచే మన స్వామికి ఇందులో అభ్యంతరం ఉండదు.

తమలో తమకే పొత్తు కుదరని మాటలకు మనం భయపడడం దేనికో నాకు తెలియదు. వారాంతానికి బ్రిటన్‌లో ఎట్ అంటే అమెరికాలో ఆన్ అంటారు. వరుసలో నిలబడడాన్ని అమెరికాలో చాలాచోట్ల ‘ఇన్ లైన్’ అంటే, న్యూయార్కువాళ్ళు ‘ఆన్ లైన్’ అంటారు. ఈ తగవును తీర్చగలిగినది మన భక్తుడొక్కడే. ముందు ఆన్‌లైన్‌లో 300 రూపాయల టికెట్టు తీసుకొని, ఆ తర్వాత లైన్‌లో నిలబడతాడు కనుక అతడు రెండు పక్షాలనూ గౌరవించినవాడవుతాడు.

మన తప్పులని వాళ్ళు ఎంచేవాటిలోనూ న్యాయం ఉంది. ‘డిస్కస్’ పక్కన ‘ఎబౌట్’ పెట్టకూడదని స్పోకెన్ ఇంగ్లీషు మాస్టర్లు గుండెలు బాదుకుంటారు. నిన్, నున్, లన్, కూర్చి, గురించి అని ద్వితీయా విభక్తిలో చదువుకున్నవాడు, గురించి లేకుండా చర్చ ఎట్లా మొదలుపెడతాడు? నా మీద కోపం అనే అర్థంలో ‘యాంగ్రీ ఆన్ మీ’ అన్నా తప్పేనట, ‘విత్’ అనాలట. నాతో కోపం అంటే ఇద్దరం కలిసి మూడో మనిషి మీద అలిగినట్టుంది. పెళ్ళికి మాత్రం తోడు పనికిరాదు, అక్కడ ‘టు’ పెట్టాలి. కోపానికి తో, పెళ్ళికి కి అని విధించినవాడు సంసారి అయి ఉండడని నా అనుమానం. అయి ఉంటే ఈ రెండింటినీ విడివిడిగా లెక్కపెట్టడు.

ఇన్ని చెప్పినా ఈ జాతిలో ఒక్క మాట మీద నాకు గౌరవం ఉంది. అది అండర్. ఇంటి పత్రాలలో నా పేరులో ఒక దీర్ఘం పోయిందని సవరణకు ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చినాను. ‘అండర్ కన్సిడరేషన్’ అని మూడుసార్లు ఫోనుకు సందేశం వచ్చింది. పరిశీలన అనేది పైనుంచి చేసే పని కదా, కింద ఎట్లా ఉంటుందని వ్యాకరణ కుతూహలంతోనే స్వయంగా వెళ్ళినాను. గుమాస్తాగారి బల్ల మీద అడుగున గులాబీరంగు అట్ట, దాని అంచున నా చేతిరాత. ఆపైన మూడు లావుపాటి రిజిస్టర్లు. వాటిపైన చింతపండు పులిహోర వాసన కొడుతున్న మూడు గిన్నెల క్యారియరు.

“సార్, నా అర్జీ అడుగున ఉంది” అన్నాను.

“ఆ మాట మూడుసార్లు పంపినాం కదా సార్” అన్నాడాయన, నొచ్చుకొని.

అప్పటికి భోజనవేళ అయింది. ఆయన లేచి, పైనున్న క్యారియరు మాత్రం తీసుకొని వెళ్ళినాడు.