ముందే వినిపిస్తే ఎవరు కొంటారు?

తమ్ముడి బృందం ఆరు పాటలు రికార్డు చేసింది. ఒక మ్యూజిక్ కంపెనీ విడుదల చేస్తానంది కానీ, చివరి పాటలో రొద తీసేసి పాటను సగానికి కోయమంది. కోసేది లేదు, నెట్‌లో మేమే పెట్టేస్తాం అంటాడు తమ్ముడు. ముందే ఉచితంగా వినిపిస్తే తర్వాత ఎవరు కొంటారు, తొందరపడొద్దు అంటుంది స్టూడియో అద్దెలో సగం కట్టిన అక్క. మాట షికాగో బృందం విల్కో మీదికి, వాళ్ల 'యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్' ఆల్బమ్ మీదికి మళ్లింది.

తమ్ముడు: విల్కో వాళ్లకీ ఇదే జరిగింది కదక్కా. షికాగోలో వాళ్ల సొంత లాఫ్ట్ స్టూడియోలో కూర్చుని చేసుకున్న ఆల్బమ్ అది. 2001లో రిప్రీజ్ కంపెనీకి ఇస్తే నచ్చలేదన్నారు, మార్చమన్నారు. బృందంలో పాటలు రాసి పాడే జెఫ్ ట్వీడీ మార్చనన్నాడు. ఒప్పందం తెంచుకుని అసలు రికార్డింగ్ ఉన్న మాస్టర్ టేపులతో బయటికొచ్చేశారు. సెప్టెంబర్ 18న మొత్తం ఆల్బమ్‌ని సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా వినిపించారు.

అక్క: రికార్డింగ్ డబ్బు ఎవరిది? రిప్రీజ్‌ది. అప్పటికే మూడు ఆల్బమ్‌లు వేసి, ఊరూరా కచేరీలు చేసిన బృందం వాళ్లది. ఆ వెబ్‌సైట్ ఎక్కడుందో వెతుక్కుని వచ్చే జనం వాళ్లకున్నారు. మీకెవరున్నార్రా? మొన్న కాలేజీలో వాయిస్తే ముందు వరసలో కూర్చున్నది అమ్మా నేనే.

తమ్ముడు: మూడు ఆల్బమ్‌ల పేరుందంటున్నావు. 1999లో వచ్చిన వాళ్ల మూడో ఆల్బమ్ 'సమ్మర్‌టీత్' అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్‌లో 78వ స్థానం దాటలేదు. నెలల తరబడి ఉచితంగా వినిపించాక 2002 ఏప్రిల్ 23న ఈ ఆల్బమ్ సీడీ వస్తే, మొదటి వారమే 55,573 కాపీలు పోయాయి. 13వ స్థానం! ఆల్బమ్ ఇంకా దుకాణంలోకి రాకముందే కచేరీల్లో జనం ఆ పాటలు కలిసి పాడారు. ముందే వింటే కొనరన్న మాట అక్కడే తప్పని తేలిపోయింది.

అక్క: సరే, ఆ అంకె కాదనను. కానీ ఆ సీడీ వేసిందెవరో కూడా చెప్పు. నన్‌సచ్. రిప్రీజూ నన్‌సచ్చూ రెండూ వార్నర్ కంపెనీలే, ఒకే ఇంటి రెండు గదులు. అంత పంతం పట్టి బయటికొచ్చినవాళ్లు మళ్లీ ఆ ఇంటి గడపే ఎందుకు తొక్కారు? సీడీ అచ్చు వేయాలి, దుకాణాలకు చేర్చాలి, పత్రికలవాళ్లకు పంపాలి. వెబ్‌సైట్ ఆ పనులు చేయలేదు.

తమ్ముడు: వెళ్లారు. ఒక్క పాటా కోయకుండా వెళ్లారు. అది వదిలేస్తావేంటి? నువ్వు మొదటి పాట విన్నావా అసలు? దాదాపు ఏడు నిమిషాలు. గరగరలోంచి డ్రమ్స్ లేస్తాయి, దారి తెలిసీ తెలియనట్టు తడబడుతూ నడుస్తాయి. చివరికొచ్చేసరికి పాట ఎక్కడికక్కడ ఊడిపోతుంటుంది. నాలుగు నిమిషాలు కోసేస్తే మిగిలేది మామూలు ప్రేమ పాట. అది ఊడిపోవడమే కదక్కా ఆ పాట!

అక్క: విన్నాను. నిజం చెప్పాలంటే నాకు పదో పాట ఇంకా ఇష్టం. చివర్లో రొద పెరుగుతూ పెరుగుతూ ఉంటే లోపల్నుంచి ఒకావిడ ఏ భావమూ లేకుండా 'యాంకీ... హోటల్... ఫాక్స్‌ట్రాట్' అని మళ్లీ మళ్లీ చెబుతుంటుంది. రేడియోలో వై, హెచ్, ఎఫ్ అక్షరాలు పలికే తీరు అది. రాత్రి పూట ఒక్కదాన్నే విన్నాను, ఒళ్లు జలదరించింది.

తమ్ముడు: మరి! ఆ గొంతు ఎక్కడిదో తెలుసా? షార్ట్‌వేవ్ రేడియోలో ఎవరికోసమో అంకెలూ అక్షరాలూ చదివే రహస్య స్టేషన్లుంటాయి. వాటిని పోగుచేసి ఇర్డియల్ అనే చిన్న సంస్థ నాలుగు సీడీలుగా వేసింది. పెద్ద కంపెనీ ఏదైనా అలాంటివి వేస్తుందా? మొండిగా వేసినవాళ్లుండబట్టే ఈ ఆల్బమ్‌కి పేరు దొరికింది.

అక్క: ఆ ఇర్డియలే విల్కో మీద దావా వేసింది, అదీ చెప్పు. అడక్కుండా మా రికార్డింగ్ వాడుకున్నారని. చివరికి కోర్టు బయట రాజీ అయింది. నేను భయపడేది ఇలాంటివాటికే. మీ పాటలు బాగాలేవని నేనెప్పుడైనా అన్నానా? అలాంటి నోటీసు మీ ఇంటికొస్తే చదివి చెప్పే లాయరున్నాడా మీకు?

తమ్ముడు: వాళ్లది వేరే వాళ్ల రికార్డు. మాది మేం చేసుకున్నదే.

అక్క: అంతా మీదేనా? మీ చివరి పాటలో, వాళ్లు తీసేయమన్న ఆ రొదలో, ఒకావిడ గొంతు వినిపిస్తుంది.

తమ్ముడు: అది విజయవాడ స్టేషన్ అనౌన్స్‌మెంట్ అక్కా. ప్లాట్‌ఫాం మీద నేనే ఫోన్లో పట్టాను. అందరూ రోజూ వినేదేగా.

అక్క: వినడం వేరు, పాటలో పెట్టి అమ్మడం వేరు. ఎవరినైనా అడిగారా?

తమ్ముడు: ... లేదు. అడగాలని తట్టలేదు.

అక్క: ముందు ఆ పని చూడు. ఎవరిని అడగాలో తెలుసుకుని ఒక ఉత్తరం రాయి, నేనూ కూర్చుంటాను. కుదరదంటే నేను ప్లాట్‌ఫాం మీద నిలబడి చదువుతాను, నా గొంతు పెట్టుకో.

తమ్ముడు: పాట మాత్రం కోయం.

అక్క: కోయమని నేనెక్కడన్నాన్రా? ఆ కంపెనీకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పు. ఏమంటారో విన్నాక నెట్ సంగతి చూద్దాం.