నాలుగు కాళ్ల కోడిపిల్లకి హెల్త్ బులెటిన్ ఎందుకు లేదు?

పెద్దోళ్లెవరైనా ఆసుపత్రిలో చేరితే పూటకో హెల్త్ బులెటిన్ వస్తుంది కదా, గేటు దగ్గర టీవీ గొట్టాలన్నీ వరసగా నిలబడతాయి, తెల్లకోటు ఆయనొకరు బయటికొచ్చి పరిస్థితి నిలకడగా ఉంది, నిపుణుల బృందం ఎప్పటికప్పుడు గమనిస్తోంది అని రెండు ముక్కలు చదివి లోపలికెళ్లిపోతారు, మనం కూడా హమ్మయ్య అనుకుని ఛానల్ మార్చేస్తాం. మరి భీమవరం పక్కన మా ఊళ్లో, మా మామ్మ గంప కింద, మొన్న మంగళవారం తెల్లారగట్ల నాలుగు కాళ్లతో పుట్టిన కోడిపిల్లకి ఆపాటి బులెటిన్ ఎందుకు లేదు? సూటిగా అడుగుతున్నాను, ప్రభుత్వం సమాధానం చెప్పాలి. కుదరకపోతే కనీసం మా బావ చెప్పాలి, ఎందుకంటే పిల్ల ఒళ్లు ఆరకముందే ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది ఆయనే.

కేసు వివరాల్లోకి వస్తే, మామ్మ పన్నెండు గుడ్లు పొదగేసింది, ఇరవై ఒకటో రోజుకి తొమ్మిది పిల్లలయ్యాయి, రెండు మురిగిపోయాయి, పన్నెండోది సోమవారం మధ్యాహ్నం చిట్లి అక్కడే ఆగింది. లోపల్నుంచి కిచకిచ వినిపిస్తోంది గానీ పిల్ల రాదు. మా బావ గోరు పెట్టి గోకబోతే మామ్మ చేతి మీద ఒక్కటిచ్చింది, ఎందుకంటే పెంకు చిట్లాక పిల్ల బయటపడటానికి పూటో రెండు పూటలో పడుతుంది, తొందరపడి ఒలిస్తే లోపలి పొరలో నెత్తురు నరాలు తెగి చచ్చిపోతుంది. ఆ రాత్రంతా ఎవరూ ముట్టుకోలేదు. ఆ పిల్ల జీవితంలో ఎవరూ ముట్టుకోని రాత్రి అదొక్కటే అని తర్వాత అర్థమైంది.

తెల్లారేసరికి ఎలా ఉందంటే, నూగంతా తడిసి అంటుకుపోయి, ముక్కు కొసన పెంకు పగలగొట్టే తెల్ల గింజ, బొడ్డు దగ్గర ఆవగింజంత పచ్చి, ఇంతవరకూ అన్ని పిల్లల్లాగే. వెనక్కి తిప్పితే తోక కింద ఇంకో రెండు కాళ్లు, అల్లం కొమ్ము రంగులో, అగ్గిపుల్లంత సన్నగా, వేళ్లు ముడుచుకుని, గోళ్లతో సహా. అసలు కాళ్లు నడుస్తుంటే ఈ కొసరు కాళ్లు స్కూలు పిల్లాడి బ్యాగుకి వేలాడే వాటర్ బాటిల్‌లా అటూ ఇటూ ఊగుతున్నాయి. దీన్ని పాలీమీలియా అంటారు, కోళ్లలో అరుదే గానీ కొత్తేం కాదు, ఒక పిండం రెండవ్వబోయి మధ్యలో ఆగిపోవడం దగ్గర్నుంచి జన్యువుల్లో తేడాలు, పొదిగేటప్పుడు వేడి ఎక్కువ తక్కువల దాకా రకరకాల కారణాలు చెప్తారు. ఇవేవీ మా వీధిలో ఎవరికీ నచ్చలేదు. సెల్ టవర్ అన్నారు, యూరియా అన్నారు, గ్రహణం రోజున గుడ్డు పెట్టి ఉంటుందన్నారు, బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారన్నారు (ఎక్కడ చెప్పారయ్యా అంటే చెప్పారంతే). ఒకాయన ఇది కూటమికి సంకేతం అన్నాడు, ఏ కూటమికో చెప్పలేదు, జాగ్రత్తపరుడు. ఇంకొకాయన పాతికేళ్లుగా సంక్రాంతి బరులు చూసిన అనుభవంతో, పుంజో పెట్టో కూడా తేలని ఆ అరచేతి పిల్లని చేతిలోకి తీసుకుని, దీనికి కత్తి ఏ కాలికి కట్టాలంటావ్ అని చాలా సీరియస్‌గా అడిగాడంట. లెగ్ పీసుల జోకు నేను వెయ్యను, గ్రూపులో ఇప్పటికే పదకొండు మంది వేశారు.

ఇంత గందరగోళం చూసి, బాధ్యత గల పౌరుడిగా, కూకట్‌పల్లిలో కూర్చుని నేనే పర్యవేక్షణ బాధ్యత తీసుకున్నాను. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి టైముకి లోటు లేదు. పద్నాలుగు కాలమ్స్‌తో ఒక ఎక్సెల్ షీట్ తయారుచేశాను, బరువు, టెంపరేచర్, కాళ్ల పొడవులు ఒకటి రెండు మూడు నాలుగు, ప్రవర్తన, రిమార్క్స్, ఇలా. బరువు కోసం మా అక్క కొడుకు పిల్లని కిరాణా కొట్టుకి తీసుకెళ్లి కాటా మీద పెడితే ముప్పై రెండు గ్రాములు చూపించింది, పక్కనే జీలకర్ర కొంటున్న ఆవిడ కిలో ఎంత అని అడిగిందంట. మర్నాడు ముప్పై గ్రాములే వచ్చేసరికి నేను గ్రూపులో ఎమర్జెన్సీ ప్రకటించాను.

దాంతో ఊరు ఊరంతా పిల్లకి తిండి పెట్టడానికి దిగింది. అసలు సంగతేంటంటే పుట్టేముందే పిల్ల మిగిలిన పచ్చసొనని కడుపులోకి లాగేసుకుంటుంది, రెండు మూడు రోజులకి సరిపడా క్యారేజీ కట్టుకుని వచ్చినట్టే, హేచరీల వాళ్లు ఒక్కరోజు పిల్లల్ని అట్టపెట్టెల్లో సర్ది అంతంత దూరాలు పంపగలిగేది కూడా ఈ ధైర్యంతోనే. ఆ సొన కరుగుతుంటే బరువు కాస్త తగ్గడం మామూలే. కానీ చూడ్డానికొచ్చినోళ్లు ఉత్తి చేతుల్తో వస్తారా? ఒకరు బిస్కెట్ నానబెట్టి తెచ్చారు, ఒకరు పాలు తెచ్చారు, ఒకావిడ పిల్లాడికి కలిపిన హార్లిక్స్‌లోంచే రెండు చుక్కలు పోసింది. పిల్ల మాత్రం కళ్లు మూసుకుని వణుకుతోంది, ఎందుకంటే దానికి కావాల్సింది వెచ్చదనం, ఆ వెచ్చదనమేమో గంప కింద తల్లికోడి రెక్కలో ఉంది, పిల్లేమో ఫోటోల కోసం స్టీలు పళ్లెంలో ఉంది.

సరే, బల్బు పెట్టండి అన్నాను. మొదటి వారం పిల్లలకి ముప్పై రెండు నుంచి ముప్పై ఐదు డిగ్రీల వేడి ఉండాలి, అరవై వాట్ల బల్బు వేలాడదీస్తే చాలు, ఇదివరకు ప్రతి ఇంట్లో ఉండేదే కదా. ఊరంతా వెతికారు, ఒక్క పాత బల్బు దొరికితే ఒట్టు. కరెంటు ఆదా అని అందరూ ఎల్‌ఈడీలకి మారిపోయారు, అవి వెలుగు తప్ప వేడి పెద్దగా ఇవ్వవు. చివరికి మా బావ ఎల్‌ఈడీనే వేలాడదీసి "సెట్ చేశాం" అని మెసేజ్ పెట్టాడు, ఆ ఫోటోలో పిల్ల చాలా స్పష్టంగా వణుకుతూ కనిపించింది.

మనోళ్లే ఇలా అనుకోకండి. 1945లో అమెరికాలో, కొలరాడో రాష్ట్రం ఫ్రూటా అనే ఊళ్లో లాయిడ్ ఓల్సెన్ అనే రైతు కూరకని పుంజు తల నరికితే అది చావలేదు, వేటు కాస్త పైకి పడి మెదడు అడుగు భాగం మిగిలిపోయిందంట. దానికి మైక్ అని పేరు పెట్టి, డ్రాపర్‌తో నేరుగా గొంతులోకి పాలూ నీళ్లూ పోస్తూ, గొంతులో చేరిన తెమడని సిరంజితో లాగేస్తూ 18 నెలలు బతికించారు, ఊరూరా తిప్పి పాతిక సెంట్లు టికెట్ పెట్టారు, జనం ఎగబడి చూశారు. 1947లో ఫీనిక్స్‌లో ఒక మోటెల్లో రాత్రిపూట దానికి ఊపిరాడలేదు. సిరంజి ఏది అని వెతికితే, ఆటాడిన చోట మర్చిపోయి వచ్చారు. టికెట్ డబ్బులు మాత్రం మర్చిపోయి ఉండరని నా నమ్మకం.

ఈ కథ గ్రూపులో పెడితే అందరూ ఏడుపు ఎమోజీలు పెట్టారు, పెట్టి మళ్లీ వీడియో కాల్ అడిగారు. మూడోరోజు మా మండలంలో పశువుల డాక్టర్ గారికి ఫోన్ కలిపాను, పద్నాలుగు కాలమ్స్ వరసగా చదివాను, ఆయన ఓపిగ్గా విని ఒక్కటే అడిగారు.

"రెట్ట వేసిందా అండీ?"

ఆ కాలమ్ నా షీట్‌లో లేదు.

విషయం ఏంటంటే ఆ కొసరు కాళ్లు సరిగ్గా తోక కింద ఉన్నాయి, అక్కడ రెట్ట అంటుకుని ఎండిపోయి దారి మూసుకుపోతే పిల్ల రెండ్రోజుల్లో పోతుంది. ఇంకోటి, ఆ వేలాడే వేళ్లని చూసి తోటి పిల్లలు వానపాములనుకుని పొడుస్తాయి. ఈ రెండూ చూసుకోండి, మిగతాదంతా తల్లే చూసుకుంటుంది అని పెట్టేశారు. వెంటనే మామ్మకి చేసి చాలా గంభీరంగా ఈ నిపుణుల సూచన వినిపించాను.

"అది పుట్టిన కాణ్ణుంచీ నేను అదే చూత్తన్నాన్రా, మీరు చూడనిత్తేగా. పొద్దున్నొకసారి సాయంత్రమొకసారి గోరెచ్చటి నీళ్లల్లో గుడ్డ ముంచి తుడుత్తన్నాను. పొడిసిన కాడ పసుపెట్టాను. మీ బావని ఆ లైటు తీసెయ్యమను, కోడి నిద్దరోట్లేదు."

నేను ఓడిపోలేదు. పిల్లని గంప కిందకి పంపడానికి ఒప్పుకున్నాను గానీ ఒక షరతు మీద, పాత ఫోన్ ఒకటి లోపల ఆనించి వీడియో కాల్ ఆన్‌లో పెట్టాలి, ఇరవై నాలుగ్గంటల నిఘా. నాలుగోరోజు రాత్రి తొమ్మిదింటికి ప్రసారం మొదలైంది, డల్లాస్‌లో పిన్నీవాళ్లతో సహా పద్నాలుగు మందిమి చూస్తున్నాం. పెట్ట లేచింది, ఫోన్‌ని ఒక కంటితో చూసింది, తల తిప్పి రెండో కంటితో చూసింది, రెండు పొడుపులు పొడిచింది, తర్వాత ముక్కుతో మెల్లగా కడుపు కిందకి లాక్కుని పైన కూర్చుంది. స్క్రీన్ అంతా నలుపు. కోడి ఒంటి వేడి నలభై ఒక్క డిగ్రీలు ఉంటుంది, పదిహేను నిమిషాలకి ఫోన్ వేడెక్కిపోయిందని మెసేజ్ చూపించింది, నా పర్యవేక్షణ మొత్తానికి నాకు అందిన ఏకైక టెంపరేచర్ రీడింగ్ అదే, షీట్‌లో ఎక్కించాను. అయినా ఎవరూ కాల్ కట్ చెయ్యలేదు, ఆ చీకట్లో ఎక్కడో పదో గొంతు కిచ్ మంటుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాం.

పొద్దున ఆరింటికి మామ్మ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్, నాలుగు సెకన్లు. ప్రెస్ నోట్ అనుకోండి, యథాతథంగా విడుదల చేస్తున్నాను.

"ఏసిందిరా. రెండుసార్లు."