బూజు మందట, బూజు మందు!

ఇప్పుడే మందుల కొట్టునుంచి వచ్చాను, ఒళ్ళు మండిపోతోంది. నాలుగు రోజులు ముసురు పట్టేసరికి కోకో కాయల మీద గోధుమరంగు మచ్చలు లేచి, కాయకి కాయ నల్లబడిపోతోంది. కాయకుళ్ళు అని చెప్తే కొట్టాయన తలెత్తకుండా కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు పొట్లాం బల్లమీద పడేశాడు. "దీనికిది పనిచేయదండీ" అన్నాను. "బూజేగా బాబూ, కొట్టండి, అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు" అన్నాడు.

అందరూ పట్టుకెళ్తున్నారు కాబట్టే అందరి తోటల్లోనూ కాయలు కుళ్ళుతున్నాయి మహానుభావా!

ఈ కాయకుళ్ళు తెచ్చేదాని పేరు ఫైటోఫ్తోరా. పైకి తెల్లగా బూజులాగే కనిపిస్తుంది గానీ శిలీంధ్రం కాదు, నాచుకి దగ్గర చుట్టం. దీని బీజాలకి తోకలుంటాయి, నీటిపొరలో ఈదుకుంటూ పోతాయి. కార్బెండజిమ్ దాన్నేమీ పీకలేదు. 1845లో ఐర్లండులో బంగాళాదుంపని తుడిచిపెట్టి జనాన్ని ఆకలితో చంపింది దీని తోబుట్టువే. ఇక్కడ మాత్రం "బూజేగా"!

మా నాన్న వానలకి ముందే ఒక శాతం బోర్డో మిశ్రమం కలిపేవాడు. కిలో మైలుతుత్తం (రాగి ఉప్పు), కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. చివర్లో కొడవలి ముంచి, దానిమీద రాగి పడితే ఇంకాస్త సున్నం పోసేవాడు. ఇలా ఇంట్లో కలుపుకుంటే పొట్లాం అమ్ముడుపోదు, అందుకే ఏ కొట్టువాడూ చెప్పడు.

మొక్కలమ్మినవాడి సంగతి ఇంకో రామాయణం. "హైబ్రిడ్ అండీ, తెగులు దరిచేరదు" అన్నాడు. కాస్త తట్టుకోడం వేరు, అసలు రాకపోవడం వేరు కదండీ! అమెజాన్ ఎగువనుంచి వచ్చిన స్కావినా-6 అనే రకం ఈ తెగులుకి బాగానే నిలబడుతుంది, కానీ దాని గింజ చిన్నది. గింజ చిన్నదైతే కొనేవాడు ఊరుకుంటాడా?

అసలు కడుపుమంట అక్కడే ఉంది. 2024లో కోకో గింజలు కిలో వెయ్యి రూపాయలు పలికినప్పుడు, వాటిని కొనే ఏజెంటుగారు మా అరుగుమీద కాఫీ తాగి "మీ గింజ బంగారమండీ" అన్నాడు. మరుసటేడు ధర పడగానే అదే చెట్టు, అదే గింజ, అదే ఎండబెట్టడం, కానీ "తేమ ఎక్కువ, గింజ సన్నం, నాణ్యత లేదు". ఏడాదిలో నా చెట్టుకి గుణం మారిపోయిందంటారా?

రేపు కుళ్ళుకాయలన్నీ ఏరి తోటబయట పూడ్చాలి. కోకోకి పైన నీడనిచ్చే కొబ్బరికి మొవ్వుకుళ్ళు తెచ్చేదీ ఈ దరిద్రమే. ఇంతా చేసి, ఆ పొట్లాం నేను ముట్టుకోకుండా వచ్చేస్తే, నా ఖాతాలో రాసేశానని కొట్టాయన ఇప్పుడు ఫోన్ చేసి చెప్తున్నాడు.