మొహమాటానికి పడవ

అట్లాంటాకు ఉత్తరాన లేనియర్ సరస్సు ఉంది. 1950లలో చట్టహూచీ నదిపై బ్యూఫర్డ్ ఆనకట్ట కట్టగా ఏర్పడిన ఈ 38 వేల ఎకరాల జలాన్ని కమ్మింగ్, ఆల్ఫరెట్టాలలోని తెలుగు కుటుంబాలు ఇన్నాళ్లూ ఒడ్డున కూర్చొని, పులిహోర తింటూ, దూరం నుంచే గౌరవించాయి. ఇప్పుడు కొన్ని కుటుంబాలు నీటిలోకి దిగదలచుకున్నాయి. పిల్లలకు వేక్‌బోర్డింగ్ (పడవ తాడుతో లాగుతుంటే పలక మీద నిలబడి నీటిపై జారే ఆట), పెద్దలకు షికారు, రెండింటికీ కలిపి ఒకే పడవ, అదీ వాడినదై ఉండాలి.

కోరిక న్యాయమైనదే. అయితే వేక్‌బోర్డు ఎక్కినవాడికి పడవ వెనుక ఎత్తయిన అల లేవాలి, షికారుకు వచ్చిన అత్తగారి చేతిలో టీ తొణకకూడదు. అందుకే వి-డ్రైవ్ అనే రకం పడవలో, బరువు వెనుక పడి అల లేచేలా ఇంజన్‌ను వెనుక భాగాన అమర్చి, ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టును ముందుకు పంపి, గేర్‌పెట్టె దగ్గర మలిచి, మళ్లీ వెనక్కి పడవ అడుగుకు దింపుతారు. అది చాలక, బరువు కోసం పెట్టిన బ్యాలస్ట్ ట్యాంకులలోకి సరస్సు నీటిని వందల కిలోల కొద్దీ తోడుకొని పడవ తన వెనుక భాగాన్ని తానే ముంచుకుంటుంది. మునగకూడదని డబ్బిచ్చి కొన్న వస్తువును పెట్రోలు పోసి మరీ ముంచడమే ఈ క్రీడలోని తత్వం. ట్యాంకులు ఖాళీ చేస్తే అత్తగారి టీ కూడా కప్పులోనే ఉంటుంది కనుక ఇద్దరినీ మెప్పించేది ఈ రకమే. డైరెక్ట్ డ్రైవ్ అనే మరో రకంలో ఇంజన్ పెట్టె నట్టనడుమ కూర్చొని కుటుంబాన్ని రెండు పక్షాలుగా చీలుస్తుంది, ఆ పని మనకు పడవ లేకుండానే జరుగుతోంది. స్టెర్న్‌డ్రైవ్ అనే మూడో రకం చవకే గాని దాని ప్రొపెల్లర్ వెనుకకు పొడుచుకొని ఉంటుంది, పడవను ఆనుకొని అల మీద సర్ఫింగ్ చేస్తామని పిల్లలు అడిగిన రోజున అది ప్రాణాంతకం.

ఎంపిక ఇంతటితో తేలింది. కొనుగోలు మాత్రం వేరే శాస్త్రం, దానికి మూలసూత్రం మొహమాటం. (మొహమాటానికి పోతే ఏమైందో సామెత చెబుతుంది, మర్యాదస్తులు చదివే చోట దానిని పూర్తిగా రాయలేను.) బెండకాయ కొన విరిచి చూడనిదే సంచిలో వేయని పెద్దమనిషి, నలభై వేల డాలర్ల పడవ ముందు ఇంజన్ మూత ఎత్తమని అడగడానికి సిగ్గుపడతాడు.

నాకు తెలిసిన ఒకాయన ఈ సంస్కారానికి పరాకాష్ఠ. అమ్మేవారు ఆయన చేతికి నిమ్మరసం ఇచ్చి, ఇంజన్‌ను మీకోసం ముందే వేడి చేసి ఉంచామన్నారు. అది ఎంత మొరాయిస్తుందో, ఎంత పొగ కక్కుతుందో తెలియాలంటే చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి, కానీ నిమ్మరసం తాగిన నోటితో ఆ మాట ఎలా అనడం? ధైర్యం చేసి, ఇంజన్‌లో ఆయిల్ చూసే కడ్డీ అయిన డిప్‌స్టిక్ లాగితే, దానికి అంటిన ఆయిల్ చక్కని ఫిల్టర్ కాఫీ రంగులో ఉంది. ఆయిల్‌లో నీళ్లు కలిశాయని దాని అర్థం. చలికాలానికి ముందు ఇంజన్‌లోని నీటిని తీసివేయకపోతే, అది గడ్డకట్టి, ఉబ్బి, ఇంజన్ బ్లాక్‌ను చీల్చినప్పుడు కనబడే రంగులలో ఇదొకటి. ఆయన కాఫీ బాగుందన్నట్లు తల ఊపి డిప్‌స్టిక్‌ను యథాస్థానంలో పెట్టారు.

సిలిండర్లు ఒత్తిడిని నిలుపుతున్నాయో లేదో చెప్పే కంప్రెషన్ టెస్ట్ చేయించడం, పాత పడవలలో నేల కింద ఉండే చెక్క స్ట్రింగర్లు (పడవకు బలమిచ్చే పొడవాటి దూలాలు) కుళ్లాయేమోనని చిన్న సుత్తితో తట్టి వినడం, అమ్మేవారి నిజాయితీని శంకించినట్లవుతుందని ఆయన మానుకున్నారు. పదిహేనేళ్ల పడవకు, ఇంజన్ నడిచిన గంటలు లెక్కపెట్టే మీటరు 150 గంటలే చూపుతుంటే ఆనందించారే గాని, మిగిలిన కాలమంతా అది ఎక్కడ, ఏ స్థితిలో పడి ఉందని అడగలేదు. అలాగని పరీక్షలు జరగలేదనలేము. తాడు కట్టే టవర్ మీది నాలుగు స్పీకర్లనూ విడివిడిగా, ఆపైన కలిపి వినిపించుకున్నారు, గ్లాసులు పెట్టుకునే గుంటలను రెండుసార్లు లెక్కపెట్టారు.

వేసవిలో ఆ పడవను రేవులో వెనక్కి నడిపే భాగ్యం ఆయనకు రెండుసార్లు దక్కింది. ఒక్క ప్రొపెల్లరున్న ఇన్‌బోర్డ్ (ఇంజన్ లోపలే ఉండే ఇలాంటి పడవ) రివర్స్‌లో చుక్కాని మాట పెద్దగా వినదు, తనకు నచ్చిన పక్కకు జరుగుతుంది. ఒడ్డున ఉన్న పదకొండు మంది బంధువులూ దిశానిర్దేశం చేయడం వల్ల చెక్కవంతెనకు నష్టం పెరిగిందే గాని తగ్గలేదు. మూడోసారికి ఇంజనే లేవలేదు. మెకానిక్ మూత ఎత్తి చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మొన్న మార్చిలో ఆయన ఆ పడవను ఎలాగో లేచేలా చేయించి అమ్మకానికి పెట్టారు. చూడడానికి వచ్చేవారికి శ్రమ కలగకూడదని, తెల్లవారుజామునే లేచి ఇంజన్ వేడి చేస్తున్నారు. నిమ్మరసం బదులు మజ్జిగ ఇస్తున్నారట.