శాతం చెప్పేవాణ్ని హారం అడగండి

రొయ్య పిల్ల అమ్మేవాళ్లు తొంభై శాతం బతుకుతుందంటే ఇందుకూరుపేట రొయ్యల రైతు తల ఊపి ఊరుకోడు. లక్ష పిల్ల వదిలి, పట్టుబడిలో 50 కౌంట్ (కిలోకు 50 తూగే) సరుకు 1,600 కిలోలు వస్తే 80 వేల రొయ్యలు. అంటే 80 శాతం. వదిలిందెంత, పట్టిందెంత, రెండూ తెలిస్తేనే ఆయనకది లెక్క. అదే రైతు రాత్రి టీవీలో ‘తొంభై శాతం క్షిపణుల్ని కూల్చేశాం’ అన్నవాళ్లనో, ‘మావన్నీ గురి తగిలాయి’ అన్నవాళ్లనో తన ఇష్టాన్నిబట్టి నమ్మేస్తున్నాడు.

ఆ తొంభై దేనిలో తొంభై? ఇజ్రాయెల్ రాకెట్ నిరోధక వ్యవస్థ ఐరన్ డోమ్ ఖాళీ పొలాల్లో పడేవాటిని లెక్కగట్టి వదిలేస్తుంది. శాతం కట్టేది అది గురిపెట్టిన వాటి మీదే. కాబట్టి పదుల కొద్దీ రాకెట్లు నేలకు తగిలినా ఆ తొంభై చెక్కుచెదరదు.

1991 గల్ఫ్ యుద్ధమే దీనికి పెద్ద సాక్ష్యం. ఇరాక్ స్కడ్ క్షిపణులు 42లో 41ని తమ పేట్రియట్ నిరోధక క్షిపణులతో కూల్చామని ఫిబ్రవరి 15న అధ్యక్షుడు బుష్ ప్రకటించారు. తర్వాత అమెరికా సైన్యమే సౌదీలో 80, ఇజ్రాయెల్‌లో 50 శాతం కూల్చామంది. ఆపైన 70, 40కి దిగింది. 1992లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ తేల్చిందేమిటంటే, వార్‌హెడ్ (క్షిపణిలో పేలుడు మందు ఉండే భాగం) ధ్వంసమైందనడానికి బలమైన ఆధారం ఉన్నవి సుమారు 9 శాతమే. ఇరాక్ స్కడ్‌లు కిందికి దిగుతూ గాల్లోనే ముక్కలయ్యేవి. పేట్రియట్ ఏ తోక ముక్క దగ్గరో పేలితే, వార్‌హెడ్ తన దారిన కిందపడేది. టీవీలో మాత్రం మెరుపు కనిపించేది. సెకనుకు 1,676 మీటర్ల వేగంతో వచ్చే స్కడ్, సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య సుమారు 56 మీటర్లు జరుగుతుంది. ఆ మెరుపు క్షిపణిని తాకిందో లేదో వీడియో చెప్పలేదు.

అదే యుద్ధంలో సౌదీలోని దహ్రాన్‌లో అమెరికా సైనికుల బస మీద స్కడ్ పడిన సంగతి ఇంకా దారుణం. వంద గంటలు ఆపకుండా నడిచిన పేట్రియట్ కంప్యూటర్ గడియారం 0.34 సెకను తప్పింది. రాడార్ అర కిలోమీటరుకు పైగా పక్కన వెతికింది. ఒక్క క్షిపణి కూడా పేల్చలేదు, 28 మంది సైనికులు చనిపోయారు. పేల్చనే లేదు కాబట్టి ‘పేల్చినవాటిలో ఎన్ని తగిలాయి’ అనే శాతంలో ఈ వైఫల్యానికి చోటే లేదు!

అందుకే ఆకాశం వదిలి నేలను చూడాలి. 2024 అక్టోబర్ 1న ఇరాన్ దాడి తర్వాత ఇజ్రాయెల్ నెవాటిమ్ వైమానిక స్థావరంలో ముప్పైకి పైగా దెబ్బలు లెక్కతేలింది ఉపగ్రహ చిత్రాల్లోనే. అలాగని ప్రతి గుంతా విజయం కాదు. రన్‌వే పక్క మట్టిలో పడిందా, హ్యాంగర్ కప్పు మీద పడిందా అన్నదీ చూడాలి.

యుద్ధం నడుస్తుండగా ఎక్కడ తగిలిందో చెబితే శత్రువు గురి సరిచేసుకుంటాడన్న వాదనలో నిజముంది. అయితే అది ఆ వారానికి సరిపోతుంది, పదేళ్లకు కాదు.

మన దగ్గర అయినా అంతే. 2014 ఏప్రిల్, నవంబర్ మధ్య పరీక్షించిన 20 ఆకాశ్ విమాన నిరోధక క్షిపణుల్లో 6 విఫలమయ్యాయని 2017లో కాగ్ రాసింది. కొన్ని లక్ష్యానికి ముందే పడ్డాయని, కొన్ని కావాల్సిన వేగం అందుకోలేదని కారణాలూ చెప్పింది. దేశభక్తి అంటే నాకు ఆ పేరా. ఇరవైలో ఆరు అని రాశారు కాబట్టే, తర్వాత ఆకాశ్ బాగా పనిచేసిందంటే దేనికన్నా బాగుపడిందో పోల్చుకోగలం. ప్రకాశం జిల్లా దొనకొండకు రక్షణ పరిశ్రమ రావాలని అడుగుతున్న మన నాయకులు ఎకరాలు, ఉద్యోగాలతో ఆగకూడదు. అక్కడ తయారయ్యే ప్రతి బ్యాచ్‌లో ఎన్ని పరీక్షించారు, ఎన్ని తప్పాయి, ఎందుకు తప్పాయి అన్నది ఏటా పార్లమెంటు ముందు పెట్టాలని ఇప్పుడే షరతు పెట్టాలి.