సవరణ: జట్కా చక్రానికి పట్టా ఎక్కించే తీరు
వరంగల్ జట్కాల గురించి మొన్న రాసినప్పుడు, చక్రం మీది ఇనుప పట్టాను గట్టిపడడానికే కాలుస్తారని పొరపాటుగా చెప్పాను. నిజానికి కాల్చేది అది సాగడానికి. చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువగా చేసిన పట్టాను మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో పట్టి చెక్క చక్రానికి తొడిగి, చెక్క భగ్గున అంటుకునేలోపే నీళ్లు కుమ్మరిస్తే, ఇనుము బిగుసుకుంటూ చుట్టూ ఉన్న వంపు చెక్కలను, ఆకులను (నడిమి నుంచి అంచుకు పోయే కర్రలను), ఆ కర్రలు దిగే నడిమి చెక్క కుండను ఒకదానిలోకి ఒకటి నొక్కేస్తుంది. అప్పుడు కీళ్లు కిర్రుమంటాయి. నాలుగడుగుల వ్యాసమున్న చక్రానికి 500 డిగ్రీల వేడిలో పట్టా సాగేది సుమారు 2 సెంటీమీటర్లే కాబట్టి, కొలతలో అంగుళం తేడా వచ్చినా పని చెడుతుంది. పనంతా కమ్మరిదేనని మొన్న నేనన్న మాట కూడా సరికాదు: తుమ్మ చెక్క చెక్కి ఆకులు దిగగొట్టేది వడ్రంగి. ఇక చక్రం జారిపోకుండా ఇరుసు చివర ఆపేది కడచీల. దాన్నే ఇరుసని రాశాను, అది మరీ సిగ్గుపడాల్సిన తప్పు.