అనుగుణంగా మారిన ఆసామి

మొన్న ఒక వ్యవసాయ సదస్సులో ఇరవై రెండో స్లైడు దగ్గర నాకు మెలకువ వచ్చింది. తెర మీద "కాంట్రాక్టు సేద్యంలో వస్తున్న మార్పులకు పెద్ద కమతాల రైతులు చక్కగా అనుగుణంగా మారుతున్నారు" అని రాసి ఉంది, పక్కనే ఒక ఆకుపచ్చ బాణం పైకి చూపిస్తోంది. కాంట్రాక్టు సేద్యమంటే కంపెనీతో ముందే ఒప్పందం చేసుకుని పంట పండించి ఇవ్వడం. ఆ బాణం ఎవరి పొలంలోంచి లేచిందో వక్తగారు చెప్పలేదు. వాక్యం మాత్రం అక్షరాలా నిజమని సాక్ష్యం చెప్పడం నా విధి, ఎందుకంటే అలా మారిన మహానుభావుడొకరు మా పక్క ఊళ్లోనే ఉన్నారు. ఆయనకు నలభై ఎకరాల విత్తన మొక్కజొన్న, అంటే తిండికి కాక కంపెనీకి విత్తనం కోసం పండించే పంట. పేరు అనవసరం, ఆసామి అందాం. విత్తనం పండే ప్రతి ఊరికీ ఇలాంటివారు ఒకరుంటారు కనుక మీకు తెలిసిన పేరు మీరే పెట్టుకోండి.

మార్పులను ఆసామి ఎంత శ్రద్ధగా గమనిస్తారో వివరిస్తాను. 2020 జూన్‌లో కేంద్రం కాంట్రాక్టు సేద్యం మీద ఆర్డినెన్సు తెచ్చినప్పుడు ఆయన పట్నం వెళ్లి మంచి ప్లాస్టిక్ ఫైలు ఒకటి కొన్నారు. సెప్టెంబరులో అది చట్టమైతే ఫైలు మీద పసుపు రాశారు. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు అమలును నిలిపివేయగానే ఫైలు అటకెక్కింది. అదే ఏడాది నవంబరులో పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దు చేశాక కిందికి దిగింది, ఇప్పుడు అందులో కరెంటు బిల్లులు ఉంటున్నాయి. ఈ పదిహేడు పద్దెనిమిది నెలల్లో ఆయన పొలంలో ఒప్పందం ఎలా జరిగిందంటారా? చట్టం రాకముందు నోటిమాట, చట్టం ఉండగా నోటిమాట, పోయాక కూడా నోటిమాటే.

అసలు మార్పు వేరే చోట జరిగింది. ఆసామి సేద్యం మానేసి ఆర్గనైజరు, అంటే కంపెనీకీ రైతుకూ మధ్య దళారి, అయ్యారు. నలభై ఎకరాలనూ ఆరుగురికి కౌలుకిచ్చి, కంపెనీ పంపిన ఆడ, మగ విత్తనాన్ని వాళ్లకు పంచి, ఎరువులూ మందులూ రెండు రూపాయల వడ్డీకి అప్పు పెట్టి, క్వింటాలుకింత అని కమీషను తాను పుచ్చుకుంటారు. వానా, పురుగూ, అడవి పందీ కౌలుదారు వాటా. నాలుగు ఆడ వరుసలకు ఒక మగ వరుస వేయాలి, ఆడ మొక్కల తల మీద వచ్చే మగ పూతను విచ్చుకోకముందే రోజూ తిరిగి పీకేయాలి, చుట్టూ రెండు వందల మీటర్లలో మరో మొక్కజొన్న ఉండకూడదు. ఆడా మగా లెక్క ఇంత కచ్చితంగా ఉన్న చేలో, కొనేవాడెవడో మాట ఇచ్చినవాడెవడో మాత్రం ఎవరికీ తెలియదు.

ఇక సంతకాల పండుగ. వేప చెట్టు కింద మంచం మీద ఆసామి కూర్చుంటారు, కింద కౌలుదార్లు వరుసగా కూర్చుంటారు, ఒక్కొక్కరి చేత రెండు తెల్లకాగితాల మీదా ఒక ఖాళీ చెక్కు మీదా సంతకం చేయిస్తారు. గత ఏడాది ఒక కౌలుదారుకు పాడుబుద్ధి పుట్టింది.

"పటేలా, నాకో కాపీ ఇయ్యరాదే?"

"నీకెందుకురా కాపీ? నువ్వు చదువుతవా?"

"చదవ పటేలా. దాసుకుంట."

మంచం కిర్రుమంది. కాగితం ముందు కంపెనీ బ్రాంచికి పోవాలనీ, అక్కడినుంచి హైదరాబాదుకు పోవాలనీ, అక్కడ పెద్దసారు సంతకం చేస్తే గాని అది అగ్రిమెంటు కాదనీ, పెద్దసారు ప్రస్తుతం విదేశంలో ఉన్నారనీ ఆసామి ఓపికగా వివరించారు. పంట మోకాలెత్తు పెరిగే నాటికి పెద్దసారు తిరిగొచ్చారు గాని కాగితం స్కానింగులో ఉంది. కంకి పాలు పోసుకునే నాటికి స్కానింగు అయింది గాని కంపెనీ పేరు మారింది. కాంటా నాటికి కాగితం సంగతి ఎత్తితే లారీ ఆగిపోతుందని తెలిసింది. మొక్కజొన్న చేలకు వర్తించే దూరం నిబంధన ఒప్పంద పత్రానికీ వర్తిస్తుందని నాకు అప్పుడే అర్థమైంది: కౌలుదారుకు రెండు వందల మీటర్ల లోపు అది కనిపించకూడదు.

లారీ వెళ్లిన నలభై రోజులకు "మొలక ఫెయిల్" అని ఫోను వచ్చింది. ఎక్కడ పరీక్ష చేశారు, ఎవరి బస్తాలోంచి నమూనా తీశారు, మిగిలిన నమూనా ఏది? ఒక్కదానికీ జవాబు లేదు. విత్తనానికి పనికిరాదంటే మామూలు గింజ ధర కట్టిస్తారట! ఆడ రకం మొక్క మామూలు హైబ్రిడ్ అంత దిగుబడి ఇవ్వదని పదో తరగతి తప్పిన కుర్రాడికి కూడా తెలిసిన ఊళ్లో, క్వింటాలుకు మద్దతు ధర లెక్కేసి చేతులు దులుపుకోవడాన్ని ఏమంటారో నాకు తెలుసు, అచ్చులో వేయడానికి వీలుకాదు. కౌలు చెల్లించాలి, వడ్డీ చెల్లించాలి, ఖాళీ చెక్కు ఎదుటివాడి బీరువాలో ఉంది, ఎకరాకు సీజనుకు 6,000 రూపాయల రైతు భరోసా పట్టాదారు ఖాతాలో పడింది. 2025లో ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం మండలాల్లో విత్తన మొక్కజొన్న వేసిన ఆదివాసీ రైతులు రోడ్డెక్కితే తప్ప, ఈ రాష్ట్రంలో ఇలాంటి కాగితాలు లేని కాంట్రాక్టులున్నాయని పెద్దలకు గుర్తురాలేదు. అంతకుముందు ఏ గుర్రానికి పళ్లు తోముతున్నారయ్యా మీరంతా? రద్దయిన ఆ చట్టంలో, అది వివాదాలను సివిల్ కోర్టు గడప ఎక్కనీయనిదే అయినా, కౌలుదారు హక్కుకు భంగం కలిగేలా ఒప్పందం చేసుకోరాదని ఒక్క వాక్యం ఉండేది. చట్టంతో పాటు ఆ వాక్యమూ పోయింది, పోయిందని ఏడ్చినవాడు ఒక్కడూ లేడు.

ఈ ఏడాది వేప చెట్టు కింద మళ్లీ అందరూ కూర్చున్నారు. పత్రికల్లో గొడవ అయింది కనుక ఆసామి దానికీ అనుగుణంగా మారారు. అడగకముందే ఆరుగురికీ తలా ఒక జిరాక్సు ఇచ్చారు. ఆ కౌలుదారు దాన్ని నాలుగు మడతలు పెట్టి, పాలిథిన్ కవరులో చుట్టి దూలం సందులో దాచి, మొన్న నాకు భద్రంగా విప్పి చూపించాడు. తెల్లకాగితం. కింద కుడి మూలన అతని సంతకం.